డ్యూయీ బడిని నడిపిందెవరు? (వ్యావహారిక సత్తావాదం, ఫెమినిస్టు చదువు)

బీఈడీ_మాస్టారు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర ఒక బీఈడీ కాలేజీలో ఫిలాసఫీ పేపరు చెబుతుంటాను. వ్యావహారిక సత్తావాదం (ఇంగ్లీషులో ప్రాగ్మాటిజం) ఏటా రెండు క్లాసుల్లో అయిపోతుంది. పియర్స్, జేమ్స్, డ్యూయీ అనే ముగ్గురు అమెరికన్ తత్వవేత్తలు, "చేస్తూ నేర్చుకోవడం", 1896లో షికాగోలో పెట్టిన ప్రయోగశాల పాఠశాల. డీఎస్సీకి కావాల్సింది అంతే, పిల్లలు రాసుకునేదీ అంతే.

మొన్న వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, ఆ బళ్లో పాఠాలు చెప్పింది కూడా డ్యూయీయేనా?" అంది. కాదమ్మా, టీచర్లు వేరే ఉండేవాళ్లు అన్నాను. "వాళ్ల పేర్లేంటి సార్?" అంది. పదహారేళ్లుగా చెబుతున్న పాఠం. ఒక్క పేరూ నోటికి రాలేదు.

ఇంటికొచ్చి వెతికితే ఫెమినిస్టు ప్రాగ్మాటిజం అని పెద్ద చర్చే నడుస్తోందని తెలిసింది. చదివేకొద్దీ ఒక అనుమానం. ఇదంతా మగవాళ్ల లిస్టు కింద నాలుగు ఆడపేర్లు చేర్చడమేనా, లేక సిద్ధాంతంలో కూడా ఏమైనా కదులుతుందా? చదివినవాళ్లు చెప్పండి. క్లాసు గురువారం.

పెసరట్టు · సోమవారం రాత్రి 9:52

గురువారం క్లాసుకి సోమవారమే ప్రిపరేషనా! మా లెక్చరర్లు ఇలా ఉండుంటే నేనీపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి. సరే, కుర్చీ లాక్కుని కూర్చున్నా, కానివ్వండి.

తర్కతాత · సోమవారం రాత్రి 10:15

మాస్టారూ, సూటిగా చెబుతాను. లిస్టులో పేర్లు చేరిస్తే నాకు అభ్యంతరం లేదు, చరిత్ర సరిచేసుకోవాల్సిందే. సిద్ధాంతం జోలికి మాత్రం వెళ్లకండి. 1878లో పియర్స్ చెప్పింది ఏమిటి? ఒక భావానికి అర్థం కావాలంటే, దానివల్ల ఆచరణలో ఏ ఫలితాలు వస్తాయో చూడమన్నాడు. ఈ సూత్రం ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి ఉండదు. రెండూ రెండూ నాలుగు అనడానికి చీర కట్టుకున్నా ఒకటే, పంచె కట్టుకున్నా ఒకటే.

సువర్ణముఖి · సోమవారం రాత్రి 11:30

ముందు ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు.

ఆ బడికి ప్రిన్సిపాల్‌గా చేసింది ఆలిస్ చిప్‌మన్ డ్యూయీ, ఆయన భార్య. బోధన పర్యవేక్షించింది ఎల్లా ఫ్లాగ్ యంగ్. ఈవిడ డ్యూయీ దగ్గర పీహెచ్‌డీ చేసిన విద్యార్థినే కానీ, వయసులో ఆయన కంటే 14 ఏళ్లు పెద్ద. అప్పటికే షికాగో బళ్లలో దశాబ్దాల అనుభవం ఉన్న మనిషి. తర్వాత 1909లో షికాగో నగరంలోని బళ్లన్నిటికీ సూపరింటెండెంట్ అయింది. టీచర్లలో క్యాథరిన్ క్యాంప్ మేహ్యూ, ఆనా క్యాంప్ ఎడ్వర్డ్స్ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఆ బళ్లో ఏ వయసు పిల్లలతో ఏం చేయించారో ఇవాళ మనకు వివరంగా తెలుస్తోందంటే, 1936లో వాళ్లిద్దరూ రాసిన పుస్తకం వల్లే.

1903లో ఆ బడిని ఇంకో బడితో కలిపారు. ఆలిస్ ప్రిన్సిపాల్‌గా ఉండటం అవతలి బడి టీచర్లకు నచ్చలేదు. యూనివర్సిటీ ప్రెసిడెంటు ఆమెను ఏడాదితో సరిపెట్టాలని చూశాడు. ఆమె రాజీనామా చేసింది, ఆయనా చేశాడు, 1904లో ఇద్దరూ షికాగో వదిలారు. మన నోట్సుల్లో ఇదంతా "తర్వాత డ్యూయీ కొలంబియాకు వెళ్లాడు" అన్న ఒక్క ముక్క.

ఇక తాతగారికి. మీరు చెప్పిన పియర్స్ సూత్రమే తీసుకుందాం. దాన్ని బాగా ఒంటబట్టించుకున్న ఆయన విద్యార్థిని ఒకావిడ ఉంది, క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్. మీకిష్టమైన తర్కమే ఆమె సబ్జెక్టు. పియర్స్ 1883లో సంకలనం చేసిన తర్కశాస్త్ర పుస్తకంలో ఆమె వ్యాసం ఉంది. జాన్స్ హాప్కిన్స్‌లో పీహెచ్‌డీకి కావాల్సినవన్నీ 1882కల్లా పూర్తి చేసింది. పట్టా ఎప్పుడిచ్చారో తెలుసా? 1926లో. అంటే 44 ఏళ్లు. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో పట్టా తీసుకుంది.

రెండూ రెండూ నాలుగు చీరకీ పంచెకీ ఒకటే, నిజమే. ఆ లెక్క చేసినందుకు పట్టా ఇచ్చేటప్పుడు మాత్రం ఒకటి కాలేదు.

తర్కతాత · మంగళవారం ఉదయం 6:05

అమ్మా, 44 ఏళ్ల సంగతి నాకు తెలియదు, బాధ కలిగింది. కానీ అది యూనివర్సిటీ చేసిన అన్యాయం. పియర్స్ సూత్రంలో లోపం కాదు కదా.

సువర్ణముఖి · మంగళవారం ఉదయం 8:20

లోపం అనలేదండీ. ఆ సూత్రాన్ని పూర్తిగా వాడలేదంటున్నాను. ఫలితాలు చూడమన్నారు, సరే. ఫలితాలు ఎవరి మీద? ఎవరి అనుభవాన్ని అనుభవంగా లెక్కేస్తున్నాం? ఈ ప్రశ్న వేయాల్సింది నిజానికి ప్రాగ్మాటిస్టులే. జ్ఞానం ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడదు, బతుకులో చిక్కులు విప్పుకుంటూ సంపాదించుకునేదే అని చెప్పింది వాళ్లే కాబట్టి.

డ్యూయీ దీని గడప దాకా వచ్చాడు. 1929లో రాసిన పుస్తకంలో, గ్రీకు కాలం నుంచీ తత్వవేత్తలు చేతిపనిని ఎందుకు చిన్నచూపు చూశారని అడిగాడు. ఆ పని చేసింది బానిసలు, చేతివృత్తులవాళ్లు కాబట్టి అన్నాడు. చాలా గట్టి మాట. అదే ఇంట్లో వండి, వడ్డించి, పిల్లల్ని సాకినవాళ్ల దగ్గర మాత్రం అంతసేపు ఆగలేదు. ఫెమినిస్టు తత్వవేత్త చార్లీన్ హాడక్ సీగ్‌ఫ్రీడ్ 1996 పుస్తకంలో పట్టుకున్నది ఇలాంటి చోట్లనే. ఆవిడ వీళ్లను తిట్టిపోయదు, వాళ్ల పనిముట్లతోనే వాళ్లను చదువుతుంది.

జేమ్స్ గురించి ఒక సరదా సంగతి. 1907 ఉపన్యాసాల్లో ఆయన ప్రాగ్మాటిజాన్ని "ఆవిడ" అంటాడు. ఆవిడకు పట్టింపులు లేవు, బిగుసుకుపోయిన సిద్ధాంతాలను మెత్తబరుస్తుంది, ప్రకృతిమాతలా అందరితో కలిసిపోతుంది అని మురిసిపోతాడు. సిద్ధాంతం ఆడదైతే అంత ముచ్చట! మేరీ విటన్ కాల్కిన్స్ అనే అసలు ఆడమనిషి ఆయన దగ్గరే చదివి, 1895లో పరీక్ష నెగ్గితే, హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు. ఇందులో జేమ్స్ తప్పు లేదు, ఆయన ఆమె పక్షానే నిలబడ్డాడు. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నవ్వొస్తుంది.

షికాగో_చలి · మంగళవారం ఉదయం 9:10

నేను షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాను. పోయినేడు అమ్మానాన్న వచ్చినప్పుడు హల్ హౌస్ మ్యూజియానికి తీసుకెళ్లాను. జేన్ ఆడమ్స్ గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నా.

తెలియనివాళ్ల కోసం: 1889లో ఆడమ్స్, స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ ఇద్దరూ షికాగోలో వలస కూలీలు ఉండే పేటలో ఒక పాత బంగళా తీసుకుని, ఆ వాడవాళ్లకు సాయంగా అక్కడే కాపురం పెట్టారు, అదే హల్ హౌస్. ఇటాలియన్లు, యూదులు, గ్రీకులు, ఐరిష్‌వాళ్లు ఉండే వాడ. పెరిగి పెరిగి 13 భవనాలైంది. 1960ల్లో యూనివర్సిటీ క్యాంపస్ కోసం దాదాపు అన్నీ కొట్టేశారు, ఇప్పుడు ఆ బంగళా, భోజనశాల మిగిలాయి. చుట్టూ కాంక్రీటు క్యాంపస్, మధ్యలో ఎర్ర ఇటుకల ఇల్లు. మా అమ్మ చూసి "దీన్నొక్కదాన్నీ ఎలా వదిలేశార్రా" అంది.

ఆవిడ సొంతంగా చెప్పిన చెత్త కథ నాకు బాగా నచ్చింది. వీధిలో చెత్త ఎత్తేవాడు లేడు, పసిపిల్లలు చచ్చిపోతున్నారు. కాంట్రాక్టుకు ఆవిడే టెండర్ వేసింది, ఏదో సాంకేతిక కారణం చూపి కొట్టేశారు. కానీ గొడవ పెద్దదై 1895లో మేయరు ఆమెనే ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు, ఏడాదికి వెయ్యి డాలర్లు. పొద్దున్నే ఆరింటికి లేచి చెత్త బళ్ల వెనక వెళ్లేది. ఒక సందులో చెత్త తవ్వుతూ పోతే 18 అంగుళాల కింద రాళ్లు పరిచిన రోడ్డు బయటపడింది! అక్కడ రోడ్డుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తర్వాత మున్సిపాలిటీ కాగితాలు వెతికితే, అవును, వేశాం అని ఉందట. అక్కడి ఇటాలియన్లు పెద్దగా ఆశ్చర్యపోలేదట, పూడిపోయిన ఊళ్లు తవ్వి తీయడం వాళ్ల దేశంలో మామూలే కదా అని ఆవిడే జోకు.

పెసరట్టు · మంగళవారం ఉదయం 9:14

మా వీధిలో తవ్వినా రోడ్డు దొరకదు. కాగితాల్లో మాత్రం రెండుసార్లు వేశారు.

తర్కతాత · మంగళవారం మధ్యాహ్నం 1:40

ఆడమ్స్ మహనీయురాలే, 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, కాదనను. కానీ ఇది సమాజ సేవ. తత్వశాస్త్రం అని ఎలా అంటాం? రేపు చెత్త ఎత్తినవాళ్లందరినీ తత్వవేత్తలంటారా?

సువర్ణముఖి · మంగళవారం రాత్రి 9:05

తాతగారూ, ఈ మాట నాకు కొత్త కాదు. నేను ఆడమ్స్ మీద పీహెచ్‌డీకి సినాప్సిస్ తీసుకెళ్తే మా గైడు (ఏ యూనివర్సిటీ అని అడక్కండి) రెండు పేజీలు తిప్పి, "బాగుందమ్మా, కానీ ఇది మన డిపార్ట్‌మెంటు కాదు, సోషల్ వర్క్ వాళ్లకిచ్చుకో" అన్నారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆవిడకీ జరిగింది అదేనని. సోషియాలజిస్టు మేరీ జో డీగన్ 1988లో చూపించింది ఇదే. షికాగోలో ఆడా మగా కలిసి చేసిన పనిలో, మగవాళ్లు చేసింది సోషియాలజీ అయింది, ఆడవాళ్లు చేసింది సోషల్ వర్క్ అయింది.

సరే, తత్వం ఎక్కడుందో చూపిస్తాను. 1894లో పుల్‌మన్ (రైలు పెట్టెల కంపెనీ) కార్మికుల సమ్మె గొడవలు. ఆడమ్స్ డ్యూయీతో అంది: వైరం పనికిరానిదే కాదు, అసలు అవసరమే లేనిది అని. డ్యూయీ ఒప్పుకోలేదు. రెండు ఎదురెదురు శక్తులు ఢీకొంటేనే ముందడుగు అనే హెగెల్ చదువు ఆయనది. రాత్రి భార్యకు ఉత్తరం రాస్తూ రాస్తూ తన నమ్మకం కదిలిపోయిందని రాశాడు. ఆమె చెప్పిందే సరైందనిపిస్తోందని తర్వాత ఒప్పుకున్నాడు. ఆయన తర్వాతి ఆలోచన అంతా వైరుధ్యాల కంటే సర్దుబాటు వైపు, కలిసి పరిష్కరించుకోవడం వైపు నడిచింది. ఇది ఆ ఒక్క సాయంత్రం వల్లే అని నేననను. కానీ "ఆయన సిద్ధాంతాన్ని ఆమె ఆచరించింది" అని రాసే పుస్తకాలన్నీ బాణం గుర్తును తిరగేసి పెట్టాయి.

ఇక నా థీసిస్‌కి గుండెకాయ లాంటి ముక్క, వంటిల్లు. హల్ హౌస్‌వాళ్లు పేదల తిండి మీద సర్వే చేశారు. కార్ఖానాల్లో కుట్టుపని చేసే ఆడవాళ్లకు వండుకునే తీరిక లేదు, డబ్బాల తిండి కొంటున్నారు, పోషకాలు లేవు. అందుకని శాస్త్రీయంగా లెక్కలు కట్టి, చవగ్గా, బలమైన సూపులూ కూరలూ వండి అమ్మే పబ్లిక్ కిచెన్ పెట్టారు. కొనేవాళ్లు పెద్దగా రాలేదు. ఎందుకని అడిగితే ఒకావిడ చెప్పింది: అది బలమైన తిండేమో గానీ, నాకేది తినాలనిపిస్తే అదే తింటాను అని.

ఆడమ్స్ ఆ మాటను పుస్తకంలో దాచలేదు. జనానికి తెలివి లేదనీ అనలేదు. మేము వాళ్ల రుచుల్ని, అలవాట్లను లెక్కలోకి తీసుకోలేదు అని రాసింది. పైనుంచి దిగిన మంచి పథకం కింద మనిషి నాలుక దగ్గర ఆగిపోయింది. ఆమె రాతల్లో ఇంగ్లీషు మాట ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది, దాన్ని నేను "గుంజాటన" అని రాసుకున్నాను. సాయం చేయడానికి వెళ్లిన మనిషి తన విలువలే సరైనవా అని తడబడే స్థితి. 1902 పుస్తకంలో ఒక్కో అధ్యాయమూ ఇలాంటి గుంజాటన చుట్టూనే తిరుగుతుంది. డ్యూయీ ఆలోచన సందేహంతో మొదలవుతుందంటాడు. కానీ ఆయన సందేహంలో మనిషి ఎదురుగా ఒక సమస్య ఉంటుంది. ఆడమ్స్ గుంజాటనలో ఎదురుగా ఇంకో మనిషి ఉంటుంది. నా మట్టుకు సిద్ధాంతం కదిలింది ఇక్కడ.

బీఈడీ_మాస్టారు · మంగళవారం రాత్రి 10:30

సువర్ణముఖి గారూ, "ఎదురుగా ఇంకో మనిషి". ఇది చాలు నాకు క్లాసుకి.

వంట అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. డ్యూయీ బడి గురించి నేను చదివిన దాంట్లో గుడ్డు ముచ్చట ఉంది. పిల్లలు, ఆడా మగా అందరూ, నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ, మరిగేటప్పుడూ తెల్లసొన ఎలా మారుతుందో చూస్తున్నారు. వాళ్లలో ఒకరికి విసుగొచ్చి, వంట పుస్తకంలో ఉన్నట్టు చేసేయొచ్చు కదా అన్నారట. టీచరు పిల్లలతో మాట్లాడితే, అలా చేస్తే ఏది ఎందుకు చేస్తున్నామో తెలియదని తేలిందట. ఏటా ఇది చెబుతాను. ఆ టీచరు ఎవరై ఉంటారని ఒక్కసారీ అనుకోలేదు.

నీలిజెండా · బుధవారం ఉదయం 7:50

జై భీమ్. రెండు విషయాలు, ఒకటి చేదు.

ఆడమ్స్‌ని మరీ ఆకాశానికెత్తకండి. 1901లో ఆమె నల్లవాళ్ల మీద లించింగులను (గుంపు హత్యలను) ఖండిస్తూ ఒక వ్యాసం రాసింది. ఉద్దేశం మంచిదే. కానీ తెల్ల ఆడవాళ్ల మీద అత్యాచారాలే ఈ హత్యలకు కారణం అన్న దక్షిణాది వాదాన్ని, వాదన కోసమైనా సరే, ఒప్పుకుని మొదలుపెట్టింది. నేరం చేసినా చట్టం ప్రకారమే శిక్షించాలి అనే ధోరణి. కొన్ని నెలల్లోనే ఐడా బి. వెల్స్ జవాబు రాసింది, ఎంతో మర్యాదగా. అసలు ఆ కారణమే అబద్ధం అని చూపించింది. దేనితో? షికాగో ట్రిబ్యూన్ ఏటా అచ్చేసే లెక్కలతోనే. ఏ హత్యకు ఏ కారణం చెప్పారో వర్గాలుగా విడదీస్తే, అత్యాచారం ఆరోపణ కనీసం మోపినవి కూడా కొద్ది భాగమే. మిగతావి చిన్న గొడవలు, జాతి ద్వేషం, ఏ కారణమూ లేనివి.

ఫలితాలు చూడండి అన్న పియర్స్ సూత్రాన్ని ఆ రోజు వాడింది ఎవరు? తత్వవేత్తగా మీరు నిలబెడుతున్నావిడా, పత్రికలు నడుపుకునే నల్ల మహిళా? వెల్స్‌ను ఏ ప్రాగ్మాటిజం సిలబస్‌లో చూపిస్తారు?

రెండోది. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో ఉన్నారు, డ్యూయీ క్లాసుల్లో కూర్చున్నారు, అది అందరికీ తెలిసిందే. అక్కడే 1916 మే నెలలో కులాల పుట్టుక మీద పేపరు చదివారు. కులం నిలబడేది లోపలి పెళ్లిళ్ల మీద. భర్త పోతే భార్య "మిగులు స్త్రీ" అవుతుంది, ఆమె బయటివాణ్ణి చేసుకుంటే కట్టు తెగుతుంది. అందుకే సతి, అందుకే బలవంతపు వైధవ్యం. భార్య పోయిన మగవాడికి అదే కులంలో జోడీ కావాలి కాబట్టి చిన్నపిల్లతో పెళ్లి. అంటే ఆడవాళ్ల మీద అదుపు కులానికి పక్క వ్యవహారం కాదు, దాన్ని నడిపే ఇరుసు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు ఆచారాల వెనక పవిత్రత వెతకలేదు, అవి ఏం పని చేస్తున్నాయో చూశాడు. ఆడవాళ్లకు ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు ఆగిపోతే 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి అప్పుడే కనిపిస్తాడు.

సువర్ణముఖి · బుధవారం ఉదయం 10:15

అన్నా, వెల్స్ సంగతిలో మీరన్నదే కరెక్టు, నాకు తప్పించుకునే దారి లేదు. ఎదుటి మనిషి మాట వినాలని పుస్తకమంతా రాయబోతున్నావిడ, ఆ వ్యాసంలో ఎదుటి మనిషిని అడగకుండానే రాసింది. తర్వాత ఇద్దరూ కలిసి పనిచేశారు, 1909లో ఎన్ఏఏసీపీ (నల్లవాళ్ల హక్కుల సంఘం) ఏర్పాటుకు దారితీసిన పిలుపు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. దాంతో ఈ తప్పు మాఫీ అవదు.

అంబేడ్కర్ పేపరు మీద చిన్న పేచీ. అది గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్ కోసం రాసింది. డ్యూయీ ముద్ర సూటిగా కనిపించేది 1936 నాటి కులనిర్మూలన ప్రసంగంలో, అక్కడ గురువు పేరే చెప్పారు. 1916 పేపరును డ్యూయీ ఖాతాలో వేస్తే ఆ ఆలోచన ఆయన సొంతం కాకుండా పోతుంది.

నీలిజెండా · బుధవారం ఉదయం 10:40

ఒప్పుకుంటా. ఆయన సొంతమే. నేనన్నది పోలిక, అప్పు కాదు.

తర్కతాత · బుధవారం సాయంత్రం 5:30

నిన్నటి నుంచి చదువుతున్నాను. వెల్స్ ముక్క నన్ను కదిలించింది. లెక్కలు తీసి అబద్ధాన్ని పడగొట్టడం, అదీ తర్కం అంటే.

ఒక్క అభ్యంతరం మాత్రం మిగిలింది. 1910లో ఆడమ్స్ ఒక ఆడవాళ్ల పత్రికలో, స్త్రీలకు ఓటు ఎందుకో రాసింది. ఇల్లు శుభ్రంగా ఉంచాలంటే ఇప్పుడు నగరం శుభ్రంగా ఉండాలి, పాలు, నీళ్లు, చెత్త అన్నీ మున్సిపాలిటీ చేతిలో ఉన్నాయి, కాబట్టి ఇల్లాలికి ఓటు కావాలి అని. ఇది ఏం వాదన అమ్మా? ఓటు హక్కు మనిషి కాబట్టి రావాలా, ఇల్లు ఊడ్చేది కాబట్టి రావాలా? వంటింటి అనుభవం జ్ఞానం అంటూ అంటూ ఆడవాళ్లను మళ్లీ వంటింట్లోకే తోస్తున్నారేమో చూసుకోండి. మా ఆవిడ యాభై ఏళ్లు వండింది. అందులో నీకు గొప్ప జ్ఞానం ఉందే అని నిన్న అన్నాను. "అయితే రేపట్నుంచి మీరు సంపాదించుకోండి ఆ జ్ఞానం" అంది.

పెసరట్టు · బుధవారం సాయంత్రం 5:33

బామ్మగారిని వెంటనే మెంబర్‌గా చేర్చాలి. మోడరేటర్ గారూ!

సువర్ణముఖి · బుధవారం రాత్రి 9:45

తాతగారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇది. బామ్మగారి జవాబు దానికంటే గట్టిది.

ఫెమినిస్టులే దీని మీద రెండుగా చీలి ఉన్నారు. ఆ పత్రిక చదివే ఇల్లాళ్లకు అర్థమయ్యే భాషలో రాసింది, అదొక ఎత్తుగడ అని కొందరు. కాదు, ఆమె నిజంగానే ఆడవాళ్ల స్వభావం వేరని నమ్మిందని కొందరు. నాకు రెండూ కనిపిస్తాయి. వంట చేయడం ఆడవాళ్ల స్వభావం అనడం వేరు, ఇన్నాళ్లూ వాళ్ల చేతే చేయించారు కాబట్టి ఆ పని నేర్పిన సంగతులు వాళ్ల దగ్గర ఉన్నాయి అనడం వేరు. మొదటిదాన్ని నేను మోయను. ఆడమ్స్ కొన్నిచోట్ల మొదటిదాంట్లోకి జారింది.

షికాగో_చలి · గురువారం ఉదయం 6:20

మాస్టారూ, క్లాసుకు ముందు ఇది కూడా. 1913లో హల్ హౌస్‌లో దయ్యప్పిల్లాణ్ణి దాచారని పుకారు లేచింది. కొమ్ములూ తోకా ఉన్న పసివాడట. ఆరు వారాలపాటు జనం తండోపతండాలు, టికెట్ ఎంత అని అడిగారట. ఇటాలియన్ల కథలో, దేవుడి పటం చింపి ఇంట్లో దీనికంటే దయ్యం ఉంటే నయం అన్న మొగుడికి పుట్టాడు. యూదుల కథలో, ఆరుగురు ఆడపిల్లల తండ్రి, ఇంకో ఆడపిల్ల కంటే దయ్యం పుట్టినా మేలు అన్నాడు, పుట్టింది. ఆడమ్స్ విసుక్కుని గెంటేయలేదు. ముసలమ్మలు ఎందుకింత ఆశగా వస్తున్నారా అని కూర్చుని విన్నది. మొగుళ్ల తాగుడు, దెబ్బలు, పోయిన పిల్లలు, అన్నీ బయటికొచ్చాయి. మాట వినని మొగుళ్లకూ కొడుకులకూ భయం చెప్పడానికి వాళ్ల చేతిలో మిగిలిన ఒకే ఆయుధం ఆ కథ అని 1916 పుస్తకంలో రాసింది. మా ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" రాసిన రోజులు గుర్తొచ్చాయి. అక్కడ దయ్యం కూడా ఆడదే.

బీఈడీ_మాస్టారు · గురువారం రాత్రి 8:55

క్లాసు అయింది. బోర్డు మీద ఆలిస్ డ్యూయీ, ఎల్లా ఫ్లాగ్ యంగ్, మేహ్యూ, ఎడ్వర్డ్స్ పేర్లు రాశాను. ఆడమ్స్, వెల్స్ గొడవ కూడా చెప్పాను. పొద్దున ఇంట్లో వంట చేసి వచ్చినవాళ్లు చేతులెత్తండి అంటే మగపిల్లల వైపు ఒక్క చెయ్యీ లేవలేదు. ఆడపిల్లల వైపు లేవని చేతులు నాలుగు, అవీ హాస్టలువి. ఒకబ్బాయి, "సార్, ఇది బిట్‌లో వస్తుందా?" అన్నాడు. రాదన్నాను. పెన్ను మూశాడు.

వెనక బెంచీ అమ్మాయి మళ్లీ లేచింది. "సార్, హల్ హౌస్‌లో ఆ మేడమ్‌లిద్దరూ చెత్త బళ్ల వెనకా, మీటింగులకూ తిరిగేవాళ్లు కదా. మరి వాళ్లింట్లో గిన్నెలు ఎవరు తోమేవాళ్లు?" అంది. ఇది కూడా నాకు తెలియదమ్మా, అడిగి చెబుతా అన్నాను. అడుగుతున్నాను.

సువర్ణముఖి · గురువారం రాత్రి 9:20

మేరీ కీసర్. ఇంటిపనికని వాళ్లతో వచ్చింది, తర్వాత ఆ వాడకే ముఖ్యమైన మనిషైంది. ఆ సంగతి ఆడమ్స్ తన ఆత్మకథలో రాసింది, 1902 పుస్తకంలో ఇంటి పనిమనుషుల మీద ఒక అధ్యాయమే పెట్టింది. నేను ఇవన్నీ చదివాను. అయినా నా సినాప్సిస్‌లో "1889 సెప్టెంబరులో ఇద్దరు మహిళలు ఆ ఇంట్లో దిగారు" అనే ఉంది. దిగింది ముగ్గురు. ఇవాళ దిద్దుతాను.